శిశిరము గురువగునా?

కష్టములు మనుష్యుని తీర్చిదిద్దునను మాట మన యిండ్లలో తఱచుగా వినవచ్చుచుండును. పుటము పెట్టినగాని బంగారమునకు వన్నె రాదందురు. మొక్కయై వంగనిది మ్రానై వంగదందురు. ఇట్లు చెప్పువారిలో పెక్కండ్రు సజ్జనులే. తాము పడిన పాట్లకు ఏదో యొక ఫలమున్నదని నమ్మనిచో బ్రదుకు దుర్భరమగును గనుక వారు నమ్మిరి. అందులకు మాకు ఆక్షేపణ లేదు. కాని తన కష్టమును గూర్చి తాను చెప్పుకొనుట యొకటి. ఎదుటివాడు పడుచున్న కష్టమును చూచి ‘మంచిదే, గట్టిపడును’ అనుట మఱొకటి. ఈ రెండవదానికి సాక్ష్యముగా ఉత్తరదేశముల తోటలను కొందఱు తెచ్చుచుందురు. తులిపు పువ్వును చూడుడు, శీతకాలమంతయు మట్టిలో వడకనిదే పూయదు కదా, అనెదరు. వారు పిలిచిన సాక్షినే మనమును పిలిచి, అది నిజముగా ఏమి చెప్పునో విందము.

అమెరికాలో మహాసరస్సుల నడుమనున్న మిషిగన్ రాష్ట్రమును తీసికొందము. అచట స్థిరపడి యిండ్లవెనుక పెరళ్ళు పెంచుకొనుచున్న తెలుగు కుటుంబములు అనేకములు గలవు. మా పాత శిష్యులు కొందఱు వ్రాయు లేఖలవలన ఆ పెరళ్ళ సంగతులు మాకు కొంత తెలియును. మనకు ఉగాదినాటికి వేప పూసి, మామిడి పిందె ముదురుచుండును. అచట అప్పటికి ఉత్తరపుగోడ నీడలో మంచు ఇంకను నల్లబడి మిగిలియుండవచ్చును. పగలు కరగి రాత్రి గడ్డకట్టు ఆ బురదలోనుండి ముందుగా తెల్లని స్నోడ్రాపు తల వంచుకొని వచ్చును. పిమ్మట క్రోకసు, తరువాత పచ్చని డాఫొడిలు. ఫర్సీతియా యను పొద ఆకైనను వేయకుండ కొమ్మ కొమ్మయు పసుపు పూసుకొన్నట్లగును. అటుపిమ్మట తులిపు. ఆ రాష్ట్రమందే హాలండు అను పట్టణమున 1929 నుండి మే నెలలో తులిపు పూలకు ఉత్సవమే జరుపుచున్నారు. మనకు వసంతము ఎండతో కలిసి వచ్చి, ఎండలోనే కలిసిపోవును. నాలుగైదు నెలలు తలుపులు మూసికొని కూర్చున్నవారికి అది విడుదల. వారు చలిని మెచ్చుకొనుట కూడ ఆ విడుదలలోని సంతోషమేమో యని మాకు తోచును.

ఇక తులిపు మాట. దాని దుంపను ఆశ్వయుజ కార్తికములలో పాతిపెట్టుదురు. 12 మొదలు 16 వారములవఱకు చలి తగిలినగాని దానికి కాడ చక్కగా సాగదు. ఇంతవఱకు సాక్ష్యము వారిదే. కాని శరత్కాలమున, ఇంకను చలి తగులకమునుపే, ఆ దుంపను కత్తితో నిలువుగా కోసి చూచినచో నడుమ చిన్న పువ్వు రూపుకట్టి యుండుట కనబడును. అది వేసవి వెచ్చదనములోనే పుట్టినది. దాని చుట్టునున్న పొరలనిండ ఆహారము. అది క్రిందటి వసంతమున ఆకులు ఎండను త్రాగి సమకూర్చినది. చలి పువ్వును పుట్టింపలేదు, ఆహారమును పెట్టలేదు. ఉన్నదానిని వెలికి రప్పించినది, అంతియే. చాలినంత పెరుగని బక్కదుంపను తెచ్చి అదే మట్టిలో, అదే చలిలో పాతిపెట్టినచో ఒక్క ఆకు వేసి యూరకుండును. చలి రెంటికిని సమానమే. లోపల నిండియుండుట మాత్రము సమానము కాదు.

ఆపిలు చెట్టు మఱియొక విశేషమును చెప్పును. దాని మొగ్గలు నిద్ర లేచుటకు చలి కావలెను. చాల రకములకు రమారమి 800 మొదలు 1000 గంటలు. అయితే తోటపనివారు లెక్కించు చలి సున్నకును 7 సెంటిగ్రేడు డిగ్రీలకును నడిమిది. నీరు గడ్డకట్టించు కఱకుచలి గంటలు ఈ లెక్కలో చేరనే చేరవు. అది ఎంత పడినను చెట్టునకు జమపడదు! కాఠిన్యము హెచ్చినకొలది శిక్షణము హెచ్చునని నమ్మువారు ఈ లెక్కను ఒకసారి చూడవలెను.

చలికి తగిన సమయము కూడ కలదు. 2012 మార్చిలో మిషిగనునందు అకాలముగా 27 డిగ్రీలకు మించిన వేడి పుట్టి చెట్లు ముందుగా మేల్కొన్నవి. ఏప్రిలులో మరల మంచు కురిసి గడ్డకట్టిన రాత్రులు వచ్చినవి. ఆ యేడు అచటి ఆపిలు పంట పదింట తొమ్మిది పాళ్ళు పోయినది. జనవరిలో మొగ్గను ఏమియు చేయజాలని చలియే ఏప్రిలులో విచ్చుచున్న పువ్వును చంపినది. ‘చలి తట్టుకొన్న చెట్టే కదా, మఱి కొంచెము తట్టుకొనలేదా?’ అని అడుగుటకు అచటి రైతులకు నోరు రాలేదు.

మన యిండ్లలో మాత్రము ఆ నోరు వచ్చుచున్నది. “మా అత్తగారియొద్ద నేను ఎన్ని పడలేదమ్మా? అందుచేతనే యిల్లు దిద్దుకొనగలిగితిని” అని అత్తగారు క్రొత్తకోడలితో అనును. ఆమె యిల్లు దిద్దుకొనుట నిజమే. ఆ నేర్పు పుట్టినింట తల్లియొద్ద వచ్చినదా, అత్తయింటి మాటలవలన వచ్చినదా యని ఆమెను ఎవరును అడుగలేదు. దుంపలో పువ్వు ఏ ఋతువున పుట్టెనో విచారింపక చలికే పేరు పెట్టితిమి. మా వృత్తిలోనివారిదియు ఇదే తర్కము. దెబ్బలు తినకున్న చదువు రాదనువారు 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము శారీరకదండనమును నిషేధించిన పిమ్మటను ఉపాధ్యాయుల గదిలో గొంతు తగ్గించి ఆ మాటయే అనుచున్నారు. బెత్తము దెబ్బలు తిని పైకివచ్చిన పదిమందిని వారు చూపుదురు. తిని బడి మానినవారు చూపుటకు ఎదుట లేరు. పూయని దుంపను ఉత్సవమునకు ఎవరు తెత్తురు?

చలియే సర్వమును సాధించునను పిచ్చి ఒకప్పుడు ఒక పెద్ద దేశమునే పట్టినది. శీతకాలపు ధాన్యములకు చలి అవసరమని జర్మనీలో గాస్నరు 1918లో శాస్త్రీయముగా చూపెను. సోవియట్ దేశమున లైసెంకో యనునతడు 1929 నుండి అదే విషయమును చేపట్టి, విత్తులను నానబెట్టి చలిలో ఉంచిన పంటలు పెరుగుననియు, ఆ మార్పు సంతతికిని సంక్రమించుననియు చాటెను. అట్లు కాదన్న మహావిద్వాంసుడు వవిలోవు 1940లో బంధింపబడి 1943లో సరాటోవు చెఱసాలలో మరణించెను. విత్తనము మాత్రము లైసెంకో మాట వినలేదు. ప్రతి తరపు విత్తును తల్లి పడిన చలిని మఱచియే పుట్టును. ‘అట్లయిన ప్రతి తరమును చలి పడవలసినదే కదా!’ అని మన అత్తగారు అందుకొనవచ్చును. అందుకొననిండు. వసంతకాలమున విత్తు గోధుమ యని వేఱొక జాతి కలదు. అది చలి నెఱుగకయే పండును. ఎవరు ఏ జాతివారో తెలిసికొనుటకు ముందే చలిలోనికి త్రోయుటయందే మాకు అభ్యంతరము.

ఈ భేదము మిషిగనులోని మన తెలుగువారి పెరటిలో ప్రత్యక్షము. తులిపు ప్రక్కనే వారికి గోంగూర కావలెను! గోంగూర మన ఎండల బిడ్డ. ఒక్క రాత్రి మంచు తగిలిన చాలు, నల్లబడి వాలిపోవును. కాబట్టి దాని విత్తులను దక్షిణపు కిటికీయొద్ద చిన్న కుండీలలో మొలిపించి, మే నెల సగము గడచి మంచు భయము పోవువఱకు ఇంటిలోనే పెంచుదురు.

అట్లని దానిని గాజుచాటున దాచి, ఒక్కసారిగా ఆరుబయట నాటినను బ్రదుకదు. గాలికి కాడ విఱుగును, ఎండకు ఆకు మాడును. మొక్కను కొంచెము కొంచెముగా బయటకు అలవాటు చేయవలెను. మొదటిదినము నీడలో ఒక గంట. మఱునాడు రెండు గంటలు. నాలుగవనాడు కొంత ఎండ, కొంత గాలి. ఇట్లు పదిదినములు సాగును. ఇది కూడ కాఠిన్యమే; దీనిని మేము కాదనము. బిడ్డను అడుగు బయట పెట్టనీయని తల్లిదండ్రులను మేము సమర్థించుట లేదు. అయితే ఈ పదిదినములును ఇంటివారికి పని తీఱదు. ఉదయము కుండీని మెట్లమీద పెట్టినవారే మధ్యాహ్నము వచ్చి ఆకు వాడెనా యని చూడవలెను. ఆఫీసునుండి వచ్చుసరికి గాలి హెచ్చినచో గోడచాటునకు జరుపవలెను. ఆ దేశమున మే నెలలో ప్రొద్దు రాత్రి తొమ్మిదిగంటలవఱకు ఉండును. ఇంటిలో అందఱు భోజనములకు కూర్చున్న తరువాతకూడ ఒకరు లేచి, తడిచేతులు తుడుచుకొని, ఆ కుండీలను ఒక్కొక్కటిగా లోపలికి తేవలసియుండును.