సంచిలో ఎవరి వాటా ఎంత?

శరదృతువులో ప్రయాణానికి తక్కువ బట్టలతో ఎక్కువ అవసరాలు ఎలా తీర్చుకోవాలో చెప్పే సలహాలు ఆడవాళ్ల శీర్షికల నిండా ఉంటాయి. ఒకదానితో ఒకటి కలిసే మూడు రంగులు, ఒకదాని మీద ఒకటి వేసుకునే పల్చటి బట్టలు, పగలూ రాత్రీ పనికొచ్చే శాలువా. వాటిలో తప్పేం లేదు, నేనూ పాటిస్తాను. కానీ ‘ఎక్కడికైనా పనికొచ్చే బట్ట’ అన్న మాట దగ్గర ఆగిపోతాను. ఎవరికి పనికిరావడం? నాకా, నన్ను చూసేవాళ్లకా?

అక్టోబరులో హైదరాబాదు నుంచి సిమ్లాకి ఒక సదస్సు కోసం వెళ్లడమే తీసుకోండి. ఇక్కడ రైలెక్కేటప్పుడు ఉక్కపోత. ఢిల్లీలో పగలు ఎండ. కాల్కాలో చిన్నరైలు ఎక్కితే 96 కిలోమీటర్ల దారిలో దాదాపు 1,400 మీటర్లు పైకి పోతాం. దిగేసరికి సాయంత్రమైతే స్వెట్టరు లేకుండా నిలబడలేం. మన కావ్యాల్లో శరత్తు వెన్నెలా రెల్లుపూలూ ఇచ్చి ఊరుకుంటుంది, ఉన్ని సంగతి పట్టించుకోదు! అయినా వాతావరణం అడిగేది తక్కువే. రెండు నూలు కుర్తాలు, సల్వార్లు, లోపలికి ఉన్ని బనీను, స్వెట్టరు, మేజోళ్లు, శాలువా. నెలసరి తేదీని నమ్మలేం కనక పాడ్లు. వీటితో సంచి సగం కూడా నిండదు.

మిగతా సగం ఎవరిది? ఢిల్లీలో ఒక రాత్రి పిన్ని ఇంట్లో దిగాలి, అక్కడికో చీర. వేదికెక్కి పత్రం చదవడానికి ‘హుందాగా’ ఉండే ఇంకో చేనేత చీర, దాని లంగా, జాకెట్టు. మొదటి రోజు కట్టింది మూడో రోజు కట్టకూడదట, అందుకు మరొకటి. స్లీపరు బోగీలో రాత్రికి వదులుగా ఉండే ముదురు రంగు డ్రెస్సు, ఒళ్లంతా కప్పే చున్నీ. ఇవన్నీ చూపుల వాతావరణం కోసం.

ఇలాంటి సదస్సుల్లో ఒకే కోటుతో మూడు రోజులూ గడిపే మగ మిత్రుల్ని చూశాను. అది నిరాడంబరత అనిపించుకుంటుంది. అదే పని మనం చేస్తే, ‘నిన్నటి చీరేనా?’ అని ఆప్యాయంగా అడిగేది మళ్లీ మనమే. తేలిగ్గా ప్రయాణించడం గురించి తాత్వికంగా మాట్లాడేవాళ్లలో కొందరి పెట్టె ఇంట్లో ఇంకెవరో సర్దిపెడతారు.

1864లో బొంబాయి బయల్దేరిన జ్ఞానదానందినీ దేవికి ఈ చిక్కే ఇంకో రూపంలో ఎదురైంది. ఆమె ఠాగూర్ల ఇంటి కోడలు, తొలి భారతీయ ఐ.సి.ఎస్. అధికారి సత్యేంద్రనాథ్ భార్య. లోపలి గదుల్లో చుట్టుకునే ఒంటి చీరతో బయటికి రాకూడదు. బయటికి కట్టుకునే బట్ట అంటూ ఆమెకి లేదు, ఎందుకంటే ఆమెకి ‘బయట’ అన్నదే లేదు. ఒక ఫ్రెంచి దుకాణంలో ఏదో ప్రాచ్య వేషం కుట్టిస్తే, అది తనంతట తాను వేసుకోలేకపోయింది. బొంబాయిలో పార్సీ స్త్రీల కట్టు చూసి, తనకి వీలుగా మార్చుకుని, జాకెట్టూ లంగాతో కలిపి చీర కట్టింది. తర్వాత ఇతరులకీ నేర్పింది. ఆ కట్టు ఎందరినో గడప దాటించింది. జాకెట్టు లేని కష్టజీవి స్త్రీలని మర్యాద లేనివాళ్లుగా చూపించే కొలబద్ద కూడా అయింది.

అయితే ఇతరుల కోసం సర్దుకునేదంతా లొంగుబాటేనా? అలా అనలేను. చీర కట్టుకుని రమ్మని పిన్ని ఎప్పుడూ అడగలేదు. కట్టుకుంటే మాత్రం తన పాత చీరల కబుర్లు మొదలుపెడుతుంది, ఆ రాత్రి బాగుంటుంది. ఆ చీర నాకు బరువు కాదు. వేదిక చీర వేరు. అది లేకపోతే నా వాదనలో ఏమీ తగ్గదు. వినేవాళ్ల దృష్టిలో నేను తగ్గుతానేమోనన్న లెక్క తప్ప దానికి వేరే కారణం లేదు. ప్రేమ కోసం మోసేదాన్నీ భయం కొద్దీ మోసేదాన్నీ విడదీయాలంటాను. అందుకని వేదిక చీర, మూడో రోజు చీర రెండూ బయటికి తీశాను. పిన్ని ఇంట్లో కట్టినదే వేదిక మీదా కడతాను.

రైలు డ్రెస్సు దగ్గర ఈ విభజన నిలవదు. అది పూర్తిగా భయమే. అలాగని తీసేస్తే రాత్రంతా మేలుకుని కూర్చోవాలి, మర్నాడు పత్రం ఎవరు చదువుతారు? నేను పుట్టించని భయాన్ని నా సంచిలో నేనే మోయడం అన్యాయమని తెలుసు. తెలిసే పెట్టుకున్నాను.

సంచి బరువుకి నా హద్దు ఒకటే, నా అంతట నేను ఎత్తి పై బెర్తు మీద పెట్టగలగాలి. ఎవరో మర్యాదగానే అందుకుంటారు, ఆ వెంటనే ‘ఒక్కరేనా? ఎక్కడిదాకా?’ మొదలవుతుంది. చేతిసంచి కూడా లేకుండా వెళ్లాలని కుర్తాలకి జేబులు పెట్టిస్తున్నాను. మా అమ్మమ్మ డబ్బు రొంటిన దోపుకునేది, తాళంచెవి కొంగున ముడేసేది. చీర ఆమెకి ఇచ్చిన ఆ కాస్త చోటు నా కుర్తాల్లో లేకుండా పోయింది. ‘ఆడవాళ్ల బట్టలకి ఇంత లోతు జేబులెందుకమ్మా?’ అన్నాడు దర్జీ. టికెట్టు, ఫోను, తాళంచెవి, నాలుగు మడతలు పెట్టిన పత్రం పట్టాలని చెప్పి కొలత ఇచ్చాను.