చూపు బంతి మీద... మనసు ఎక్కడ?

అల్లాహ్ మనకు ప్రసాదించిన అనుగ్రహాలను లెక్కపెట్టమంటే ఆరోగ్యం, సంతానం, ఇల్లు వాకిలి, ఉపాధి అని చెప్పుకుంటూ పోతాం. ధ్యాస అనే అనుగ్రహం మాత్రం మన లెక్కలోకి రాదు. కాని ధ్యాస లేకపోతే కళ్లుండీ ఎదుట ఉన్నది కనబడదు, చెవులుండీ అజాన్ వినబడదు. పోయిన డబ్బు మళ్లీ సంపాదించుకోవచ్చు. ధ్యాస వేరెక్కడో ఉండగా గడిచిపోయిన గంట మాత్రం తిరిగిరాదు. మన ధ్యాస ఎక్కడ ఉంటుందో మన ఆయుష్షు అక్కడే ఖర్చవుతుంది. ప్రళయ దినాన మనిషి తన ఆయుష్షును దేనికి ఖర్చుచేశాడో చెప్పుకోనిదే అడుగు ముందుకు పడదని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) హెచ్చరించారు. కనుక ధ్యాస గురించి ఆలోచించడం అంటే పరలోక లెక్కల గురించి ఆలోచించడమే.

2022 చివరిలో ఖతర్‌లో ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు జరిగింది. అక్కడి మ్యాచ్‌లు కొన్ని మనకు రాత్రి 12:30కి మొదలయ్యేవి. చూసినవాళ్లు పడుకునేసరికి రెండున్నర దాటేది. డిసెంబరులో నెల్లూరు ప్రాంతంలో ఐదు గంటలు దాటగానే ఫజ్ర్ వేళ మొదలవుతుంది. కోటమిట్ట కావచ్చు, కావలి కావచ్చు, సముద్రం ఒడ్డునున్న చిన్న ఊరు కావచ్చు, ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న కుర్రవాడున్న ప్రతి ఇంట్లోనూ ఆ రోజుల్లో ఒకే ప్రశ్న: "రాత్రంతా మేలుకోగలిగినవాడికి తెల్లవారి లేవడానికేమి?" ఇక ఫోనులోని ఆటలకు ప్రపంచ కప్పు రావలసిన పని లేదు. అవి ఏడాది పొడుగునా ఉన్నవే. "ఒక్క నిమిషం అమ్మీ, ఈ ఆట అయిపోనీ" అనే మాట వినని తల్లి ఈరోజు లేదు.

ఆట తప్పు కాదు

ముందుగా ఒక విషయం స్పష్టం చేసుకుందాం. ఇస్లాం ముఖం మాడ్చుకుని కూర్చొమ్మని చెప్పే ధర్మం కాదు. దైవప్రవక్త (స) గుర్రాలకు పరుగు పందేలు పెట్టించారు. హజ్రత్ ఆయిషా (రజి)తో తాము స్వయంగా పరుగెత్తారు. ఒకసారి ఆమె గెలిచారు, మరోసారి ఆయన గెలిచారు. పండుగ రోజున హబషీలు మస్జిదె నబవీలో ఈటెలతో ఆడుతుంటే ఆయిషా (రజి) దైవప్రవక్త (స) వెనుక నిలబడి, తనకు తనివి తీరేదాకా చూశారు. అప్పటిదాకా ఆయన ఓపికగా నిలబడే ఉన్నారు. కనుక ఆడటమూ, ఆట చూడటమూ వాటంతట అవి దోషాలు కావు.

హజ్రత్ హంజలా (రజి)కి ఒక దిగులు పట్టుకుంది. దైవప్రవక్త (స) సన్నిధిలో ఉన్నంతసేపూ స్వర్గనరకాలు కళ్లకు కట్టినట్లుంటాయి. ఇంటికి వెళ్లి ఆలుబిడ్డల్లో పడగానే చాలావరకు మరచిపోతున్నాను, నేను కపటినైపోయానేమో అని. దైవప్రవక్త (స) ఆయనను మందలించలేదు. ఒక సమయం దానికి, ఒక సమయం దీనికి అని ఊరట కలిగించారు. అంటే మనసు ఇరవై నాలుగు గంటలూ ఒకే స్థితిలో ఉండాలని ధర్మం మనల్ని కోరడం లేదు. ఏ సమయం దేనిదో ఆ సమయంలో దానికి దక్కాలని మాత్రమే కోరుతున్నది.

మరి చిక్కు ఎక్కడ వస్తుంది? ఆటలో మన ధ్యాస ఎవరి చేతిలో ఉంది అన్నచోట వస్తుంది.

ఆడేవాడి ధ్యాస

ఫుట్‌బాల్ ఆటగాడి చూపు బంతి మీదే ఉంటుందని మనం అనుకుంటాం. నిజానికి 90 నిమిషాల ఆటలో ఒక్కో ఆటగాడి కాలి దగ్గర బంతి ఉండేది రెండు మూడు నిమిషాలకు మించదు. మిగిలిన సమయమంతా అతడు బంతి లేనిచోట పనిచేస్తుంటాడు. తోటివాడు ఎక్కడున్నాడు, ఎదుటి జట్టు ఎటు జరుగుతున్నది, ఖాళీ ఎక్కడ ఏర్పడింది అని చూస్తుంటాడు. బంతి వచ్చాక చూసేవాడు మామూలు ఆటగాడు. రాకముందే అటూ ఇటూ చూసి పెట్టుకున్నవాడు మంచి ఆటగాడు.

దీనికి మన తెలుగునేల మీదే గొప్ప ఉదాహరణ ఉంది. హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్ వృత్తిరీత్యా బడిపంతులు. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లోనూ, 1962లోనూ ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తాలో మన జట్టు మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో ఓడింది. ఫైనల్లో మళ్లీ అదే జట్టు ఎదురైంది. స్టేడియంలోని జనం మనవాళ్లకు వ్యతిరేకంగా అరుస్తున్నారు. తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డ జర్నైల్ సింగ్‌ను రహీం సాహెబ్ ముందువరుసలో ఆడించారు. మనవాళ్లు 2-1తో గెలిచారు. ఆ రెండింటిలో ఒక గోల్ జర్నైల్‌దే. అప్పటికే క్యాన్సర్ రహీం సాహెబ్‌ను తినేస్తున్నది. మరుసటి ఏడాది, 1963 జూన్‌లో ఆయన కన్నుమూశారు.

చుట్టూ అరుపులు, ఒంట్లో జబ్బు, వెనుక ఓటమి. అయినా ధ్యాస చెదరలేదు. ఎందుకంటే దాన్ని ఎక్కడ పెట్టాలో వారే నిర్ణయించుకున్నారు. ఇటువంటి ధ్యాస సాధనతో వస్తుంది. ఆట ముగిశాక కూడా మనిషి వెంట ఉంటుంది.

చూసేవాడి ధ్యాస

చూసేవాడి సంగతి వేరు. అతడి కాలు కదలదు, కాని గుండె మాత్రం అదిరిపోతుంటుంది. 2022 డిసెంబరు 18న అర్జెంటీనా, ఫ్రాన్స్ మధ్య జరిగిన ఫైనల్ 3-3 దగ్గర ఆగి, చివరికి పెనాల్టీలలో 4-2తో అర్జెంటీనాకు దక్కింది. వేల మైళ్ల దూరంలో కూర్చుని మనవాళ్లు కొందరు కేరింతలు కొట్టారు, కొందరు కంటతడి పెట్టారు. చూసి ఆనందించడం వరకు బాగానే ఉంది. కాని పరాయి దేశపు జట్టు కోసం సొంత అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేస్తే, ఆ ధ్యాస ఆట మీద లేనట్లే. అది మన అహం మీదికి జారిపోయింది.

విలువిద్యలో పోటీపడుతున్న కొందరిని చూసి దైవప్రవక్త (స) ఒక పక్షం వైపు చేరతానన్నారు. వెంటనే రెండో పక్షం వారు బాణాలు దించేశారు. ఆయనకు ఎదురుగా ఎలా వేస్తామన్నారు. అప్పుడాయన తాము అందరి వైపూ ఉన్నామని చెప్పి ఆట సాగించమన్నారు. మరోసారి ఆయన ఒంటె అజ్‌బా ఒక పల్లెవాసి ఒంటె చేతిలో పందెం ఓడిపోయింది. సహచరులు బాధపడ్డారు. లోకంలో పైకెక్కిన ప్రతి దాన్నీ దించడం అల్లాహ్ నియమమని చెప్పి ఆయన వారిని ఓదార్చారు. గెలుపోటములను ఎంతవరకు మనసుకు పట్టించుకోవాలో ఈ రెండు సంఘటనలే చెబుతాయి.

ముగింపు లేని ఆట

ఫుట్‌బాల్‌లో ఎంత లేదన్నా ఒక మేలుంది. రెఫరీ ఈల వేస్తాడు, ఆట అయిపోతుంది. ఫోనులోని ఆటకు ఆ ఈల లేదు. ఒక అంచె దాటగానే మరో అంచె తెరుచుకుంటుంది. రోజూ తెరిస్తే బహుమానం, ఒకరోజు తెరవకపోతే నష్టం. ఏ పెట్టెలో ఏముందో ముందు తెలియదు కనుక ఇంకొక్కటి తెరిచి చూడాలనిపిస్తుంది. నలుగురు స్నేహితులు ఒక జట్టుగా ఆడుతుంటే మధ్యలో లేవడం ద్రోహంలా అనిపిస్తుంది. ఇవి ఏవీ పొరపాటున వచ్చినవి కావు. మనిషి లేవకుండా ఉండాలనే వాటిని అలా తయారుచేశారు. అక్కడ ఆడుతున్నది మన పిల్లవాడు. వాడి ధ్యాసతో వ్యాపారం చేస్తున్నది మరొకరు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022 జనవరి 1 నుంచి అమలులోకి తెచ్చిన జబ్బుల పట్టికలో ఆటల వ్యసనం కూడా చేరింది. దాని లక్షణాల్లో మొదటిది ఎన్ని గంటలు ఆడాడన్నది కాదు, ఆటను అదుపులో పెట్టుకోలేకపోవడం. మిగతా పనులన్నిటికంటే ఆటే ముఖ్యమైపోవడం, నష్టం కనబడుతున్నా మానలేకపోవడం తరువాతివి.

ప్రభుత్వాలూ తమ ప్రయత్నం తాము చేశాయి. 2020 సెప్టెంబరులో కేంద్రం పబ్జీని నిషేధించింది. 2021లో అదే తరహా ఆట మరో పేరుతో వచ్చింది. 2022లో అదీ ఆగింది, 2023లో తిరిగి వచ్చింది. డబ్బు పెట్టి ఆడే ఆటల సంగతి మరీ ఘోరం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లోనే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లపై నిషేధానికి పూనుకుంది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పందేలతో కూడిన ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. మన విషయంలో అయితే పార్లమెంటు దాకా వెళ్లనక్కరలేదు. జూదం హరామ్. దివ్యఖుర్ఆన్‌లోని మాయిదా సూరా జూదాన్ని నిషేధిస్తూ చెప్పిన కారణాలు గమనించండి: అది మనుషుల మధ్య పగ పెంచుతుంది, దైవస్మరణ నుంచీ నమాజు నుంచీ ఆపుతుంది. అంటే ధ్యాసను దోచుకోవడం కూడా ఆ నేరంలో భాగమే.

ఒక కుర్రవాడి ప్రశ్న

ఇక్కడ మన పిల్లలు అడిగే ఒక ప్రశ్న ఉంది. దాన్ని కసురుకుని పంపేయడం తగదు. "నమాజులో రెండో రకాతు వచ్చేసరికి మనసు ఎటో పోతుంది. గేము ముందు కూర్చుంటే మూడు గంటలైనా కదలదు. మరి నాకు ఏకాగ్రత ఉన్నట్టా, లేనట్టా? తప్పు నాదా, నమాజుదా?"

పెన్నకు వరద వచ్చినప్పుడు కొట్టుకొచ్చే దుంగను చూడండి. ఊటుకూరు దగ్గర సముద్రంలో కలిసేదాకా అది ఎక్కడా ఆగదు, పక్కకు తిరగదు. అంతమాత్రాన దుంగకు ఈత వచ్చని అంటామా? ఈదడమంటే కావలసినచోట ప్రవాహానికి ఎదురు వెళ్లగలగాలి, కావలసినచోట ఒడ్డు చేరగలగాలి. గేములో మన ధ్యాస కొట్టుకుపోతుంది. నమాజులో దాన్ని మనమే ఈదించాలి. అందుకే అది కష్టంగా ఉంటుంది, అందుకే దానికి పుణ్యం ఉంది. రంగులూ శబ్దాలూ చూపించి నమాజు మనల్ని లాక్కోదు. ఇష్టపూర్వకంగా ఇస్తేనే తీసుకుంటుంది.

మనసు చెదరడం మన కాలపు పిల్లలకే వచ్చిన జబ్బు కూడా కాదు. దైవప్రవక్త (స) ఒకసారి చారలున్న దుప్పటి కప్పుకుని నమాజు చేశారు. ఆ చారల మీదికి చూపు పోయిందని, దాన్ని అబూ జహమ్‌కు పంపించి సాదా దుప్పటి తెప్పించుకున్నారు. దుప్పటి హరామ్ అని చెప్పలేదు, దాన్ని దూరం పెట్టారు. మదీనాలో ఒక శుక్రవారం ఖుత్బా జరుగుతుండగా వర్తక బిడారు వచ్చింది. జనం అటు పరుగుతీశారు. పన్నెండుమంది మిగిలారని ఉల్లేఖనాల్లో ఉంది. జుముఆ సూరా చివరి వాక్యం ఆ సందర్భాన్నే ప్రస్తావిస్తుంది. సహాబాలను దిద్దిన వాక్యం మనకు అక్కర్లేదని ఎలా అనుకుంటాం?

కనుక మన ధ్యాసకు పరీక్ష ఒక్కటే: పిలిస్తే లేవగలుగుతున్నామా? బంతి వలలో పడ్డాక కూడా రెఫరీ చెల్లదంటే ఆటగాడు వెనక్కి తిరుగుతాడు. 2021 ఏప్రిల్‌లో, రంజాన్ మాసంలో, ఇంగ్లాండులో లెస్టర్, క్రిస్టల్ ప్యాలెస్ జట్ల మ్యాచ్ సాగుతుండగా ఇఫ్తార్ వేళ అయింది. ఉపవాసం ఉన్న ఆటగాళ్ల కోసం ఆటను కాసేపు ఆపారు. అంత పెద్ద ఆట ఆగగలిగినప్పుడు మన చేతిలోని ఫోను ఆగలేదా?

తెల్లవారుజాము కాపలా

మన తీరంలో రొయ్యల సాగు చేసేవారికి ఒక సంగతి బాగా తెలుసు. పగలు ఎండ ఉన్నంతసేపూ గుంటలోని నాచు నీటికి ప్రాణవాయువు ఇస్తుంది. రాత్రి అది ఆగిపోతుంది. నాచూ రొయ్యలూ అన్నీ కలిసి ఉన్నదాన్ని వాడేస్తాయి. అందుకే సరిగ్గా తెల్లవారబోయే ముందు ప్రాణవాయువు అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. ఆ వేళ కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే కాపలావాడు వెంటనే జనరేటరు వేయాలి. కళ్లు తెరిచే ఉన్నా అవి ఫోనులోని ఆట మీద ఉంటే, తెల్లారేసరికి నెలల కష్టం నీళ్లలో తేలుతుంది.

మన హృదయానికీ అదే వేళ కాపలా కావాలి. ఫజ్ర్ అజాన్ అప్పుడే వినిపిస్తుంది. గుంట పోతే మళ్లీ పిల్లను వదిలి సాగు చేసుకోవచ్చు. హృదయం ఊపిరాడక చచ్చిపోతే ఏం వదలగలం?

మనం ఏం చేయాలి?

పిల్లల చేతిలోని ఫోను లాక్కునే ముందు మన చేతిలోనిది పక్కన పెడదాం. క్రికెట్ మ్యాచ్ చూస్తూ మగ్రిబ్‌ను ఆలస్యం చేసే అబ్బా, సీరియల్ మధ్యలో బిడ్డ మాటకు ఊ కొట్టే అమ్మీ చెప్పే హితవు ఏ పిల్లవాడి చెవికీ ఎక్కదు. అన్నం తినేటప్పుడు ఇంట్లో ఎవరి చేతిలోనూ ఫోను ఉండకూడదని నియమం పెట్టుకుందాం. ఆటకు ఈల లేదు కనుక అజాన్‌నే ఈలగా చేసుకుందాం. అసర్ తరువాత మొదలైన ఆట మగ్రిబ్ అజాన్‌తో ముగియాలి. డబ్బు పెట్టే ఆట ఏ పేరుతో వచ్చినా గడప తొక్కనివ్వకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా, పిల్లలను మైదానానికీ, మైపాడు ఇసుకలోకీ తీసుకువెళ్లి మనమూ కాసేపు వారితో బంతి ఆడదాం. తండ్రి ధ్యాస దొరికిన పిల్లవాడికి తెర అంత తియ్యగా ఉండదు.

ఓ అల్లాహ్! నీవిచ్చిన చూపునూ, వినికిడినీ, హృదయాన్నీ నీవు మెచ్చే చోట నిలిపే శక్తిని మాకు ప్రసాదించు. మా ఆటలను మాకు విశ్రాంతిగా ఉంచు, వాటికి మమ్మల్ని బానిసలు చేయకు. మా పిల్లల కళ్లకు నమాజును చల్లదనంగా చేయి. ఆమీన్!