కంటికందని పురుగు, కాపరి ధర్మము

మన తార్కికులు యథార్థజ్ఞానమునకు ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నాలుగు ద్వారములను నిర్ణయించిరి. మనుష్యునకు చికిత్స చేయు వైద్యుడు వీనిలో కడపటిదానితోనే తన పని నారంభించును. ఎచ్చట దురద పెట్టుచున్నదో, ఎన్నాళ్లనుండి నిద్ర లేదో రోగియే చెప్పును. పశువైద్యున కా భాగ్యము లేదు. నోరులేని జీవి యొడలిలోని బాధను అతడు కన్నులతో చూడవలెను, చూడలేనినాడు ఊహింపవలెను. ఆ యూహకు ప్రామాణ్య మెంత, ఆ ప్రామాణ్యమువలన పశువుల యజమానికి సంక్రమించు ధర్మ మెట్టిది అనునదే నేనిచట విచారింపదలచిన ప్రశ్న.

గొర్రెగజ్జిని గైకొందము. దీనికి కారణమైన సోరాప్టిస్ అను పురుగు మిల్లీమీటరు పొడవైనను ఉండదు. కుక్కలకు, పందులకు గజ్జి గలిగించు సార్కోప్టిస్ వలె చర్మమును తొలుచుకొని లోనికి పోక, ఉన్నిక్రింద చర్మముపైననే నివసించి, అచ్చట నూరు రసిని ఆహారముగా గొనును. దాని మలమునందలి పదార్థములు సరిపడక చర్మము ఉబ్బి, రసి గారి, పెచ్చులు గట్టగా, గొర్రె కంచెలకు ఒడలు రాచుకొని ఉన్ని నూడగొట్టుకొనును. ముదిరినచో మూర్ఛలు వచ్చి చచ్చుటయు గలదు. అయితే ఇదంతయు కడపటి ఘట్టము. మొదటి వారములలో పురుగులు కొన్నియే యుండును, గొర్రె యథాప్రకారము మేయుచుండును, కాపరి దానిని చూచి తృప్తిపడుచుండును. సందేహము గలిగినచో వైద్యుడు చర్మమును గీకి, ఆ పొట్టును సూక్ష్మదర్శినిలో పరీక్షించును. పురుగు కనబడెనా, వివాదము లేదు. కనబడకున్నచో? భాట్టమీమాంసకులు అనుపలబ్ధిని ప్రమాణముగా నంగీకరించుచునే, కనబడుటకు యోగ్యమైన వస్తువు కనబడకున్నప్పుడు మాత్రమే దాని యభావము సిద్ధించునని నియమము పెట్టిరి. గీకిన చోట లేని పురుగు ప్రక్కన నుండవచ్చును గనుక ఈ యనుపలబ్ధికి ఆ యోగ్యత లేదు. ఇంతకును ప్రత్యక్షమునైనను లోకము వెంటనే నమ్మునని చెప్పజాలము: 1687లో బొనోమో అను ఇటలీ వైద్యుడు మనుష్యుల గజ్జిపురుగును సూక్ష్మదర్శినితో చూచి, బొమ్మ గీచి, ఫ్రాన్సిస్కో రేడీకి లేఖ వ్రాసినను, 1834లో పారిస్‌లో రెనూచ్చి అను విద్యార్థి దానిని సూదితో వెలికిదీసి చూపువరకు పండితులు చాలమంది నమ్మరైరి.

ఇక అనుమానము. 1971లో స్టాక్‌హోమ్‌లో ఎంగ్వాల్, పెర్ల్‌మన్ అను శాస్త్రజ్ఞులు ప్రకటించిన ఎలైసా పద్ధతిని స్వీడన్‌లోనే బోర్న్‌స్టైన్ మున్నగువారు 1990 దశకమున కుక్కల గజ్జికి అన్వయించిరి. ఎడింబరో చెంతనున్న మోర్‌డన్ పరిశోధనసంస్థవారు గొర్రెగజ్జికి అన్వయించిరి. పురుగు శరీరమందలి సో ఓ 2 అను ప్రోటీనును ప్రయోగశాలలోనే తయారుచేసి, చిన్నచిన్న గుంటలు గల పలకకు అంటించి, దానిపై గొర్రె రక్తరసమును పోయుదురు. పురుగు సోకిన గొర్రె నెత్తుట బుట్టిన ప్రతిరక్షకము ఆ ప్రోటీనును పట్టుకొనును. పిదప జేర్చు ద్రవ్యములవలన గుంటలో రంగు వచ్చును. పురుగు సోకిన రెండు వారములకే, రోగలక్షణములు పైకి కనబడకముందే, ఫలము తెలియును. 2017 నుండి బ్రిటన్‌లో ఈ పరీక్ష కాపరులకు అందుబాటులో నున్నది.

మన తెలుగువాడే యైన అన్నంభట్టు తర్కసంగ్రహమును చదివినవారికి ఈ యుక్తి క్రొత్తగా తోపదు. గొర్రె పక్షము, పురుగుండుట సాధ్యము, ప్రతిరక్షకము హేతువు. పొగను బట్టి నిప్పు నూహించువానికి వంటశాల సపక్షమును, మడుగు విపక్షమును అయినట్లే, పరీక్షను నిర్మించినవారికి గజ్జి యున్నదని నిశ్చయముగా దెలిసిన గొర్రెలు సపక్షము, లేదని దెలిసినవి విపక్షము. సపక్షమున హేతువు నూటికి 98 పాళ్లు కనబడెను. విపక్షమున నూటికి 96కు పైగా కనబడలేదు. వైద్యశాస్త్రమునకు ఇది గొప్ప విజయము. నైయాయికునకు మాత్రము దోషమే. సాధ్యము లేనిచోట హేతు వొక్కమారు నిలిచినను అది సవ్యభిచార మగును గదా! గజ్జి లేని గొర్రెలను వెయ్యింటిని పరీక్షించినచో ముప్పదికి పైగా గొర్రెలు నిష్కారణముగా నిందకు గురియగును. మఱియు చికిత్స జరిగి పురుగు చచ్చిన తరువాతను ప్రతిరక్షకము నెలల తరబడి నెత్తుట నిలిచియుండును. నిప్పారిన పిదపను పొగ మిగిలినట్లన్నమాట.

ఈ యాక్షేపము బలమైనదే. కాని పరీక్షను విధించువారు ఒక్క గొర్రెను బట్టి తీర్పు చెప్పరు. మందలో పండ్రెండింటి నెత్తురు దీసి మందకు తీర్పు చెప్పుదురు. అనగా ఇచట నిజమైన పక్షము మందయే. ఒంటరి హేతువునందలి వ్యభిచారము పెక్కు హేతువులు కూడినచోట సన్నగిలును. గడచిన నెలలలో మందు వేయబడెనా యని ముందుగా విచారించినచో రెండవ దోషమును చాలవరకు తొలగును. సంశయమునకును ఒక హద్దు కలదని, నిత్యవ్యవహారమున నమ్మి నడచుకొనుదానిని వాదమున మాత్రము శంకించుట స్వక్రియావ్యాఘాతమని ఉదయనుడు న్యాయకుసుమాంజలియందు వాదించెను. నూటికి నూరుపాళ్లు లేదను మిషతో నెత్తుటిపరీక్షను త్రోసివేయు కాపరి, అంతకంటె మిక్కిలి దుర్బలమైన తన కంటిచూపును నమ్మి ప్రతిసంతలోను గొర్రెలను కొనుచున్నాడు, అమ్ముచున్నాడు.

ధర్మవిషయమునకు వత్తము. తెలియ శక్యముగాని దానిని తెలియకుండుట దోషము గాదు. తెలియవచ్చుదానిని తెలిసికొననొల్లకుండుటను మన పెద్దలు ప్రమాదమనిరి. ఈ పరీక్ష పుట్టినదాక కాపరి యజ్ఞానము మొదటిజాతిది. పుట్టిన పిమ్మట రెండవజాతిలోనికి జరిగినది. పురుగు గొర్రెను విడిచియు కంచెలపై, ఉన్నిపోగులపై రెండు వారములు బ్రతుకగలదు గనుక ఒకని యుపేక్ష ప్రక్కవాని మందకు బాధయై పరిణమించును. బ్రిటన్ దేశము 1952లో ఈ గజ్జిని నిర్మూలించెను. 1973లో అది మరల ప్రవేశింపగా గొర్రెలను మందునీట ముంచుటను నిర్బంధము చేసెను. 1992లో ఆ నిర్బంధమును సడలించి భారమును కాపరులకే వదలెను. స్కాట్లండు 2010లో, సందేహము గలిగినవారు ప్రభుత్వమునకు తెలుపవలెనని శాసించినది. మంచిదే. కాని సందేహింపనొల్లనివానిని ఆ శాసన మేమి చేయును?

పురుగును చంపుటయు హింసయే గదా యని జైనులైనవారు అడుగవచ్చును, అడుగదగినదే. అయితే పేలు పట్టినను గొర్రె ఒడలు రాచుకొనును. పరీక్ష లేనిచోట ఆ రెంటి భేదము నెఱుగక కాపరి ఊరక మందంతటికిని సూదిమందు పొడిపించును, ఆ యలవాటువలన మందునకు లొంగని పురుగులు ఇప్పటికే బ్రిటన్‌లో బయలుదేరినవి. నెత్తుటిపరీక్ష హింసను మాన్పజాలదు గాని, నిష్ప్రయోజనమైన హింసను మాన్పును.

పరీక్ష చేరువలో నుండియు చేయింపని కాపరిని నేను నిర్దోషి యనజాలను. వ్యయమంతయు వాని నెత్తిన బెట్టి వానినే నిందించు ప్రభుత్వమును నిర్దోషి గాదు. ఉమ్మడి కొండబీళ్లలో మేయు మందలన్నిటికిని, ఉమ్మడి వ్యయముతో, ఒకేమారు పరీక్ష జరిపింపవలెను.