దర్శనము తన్ను తాను దర్శింపగలదా?

లోకస్వరూపము నంతటిని వివరింపబూనిన ప్రతి దర్శనమునకును ఒక చిక్కు ఎదురగును. ఆ దర్శనము సైతము లోకములోనిదే కదా! సర్వమును వివరించునది తన్ను విడిచినచో ఆ వివరణము అసమగ్రము. తన్ను గూడ కలుపుకొన్నచో తన సత్యమునకు తానే సాక్షి యగును. భారతీయ తార్కికులు ఇట్టి దోషములకు వేరువేరు పేర్లు పెట్టిరి. తన సిద్ధికి తానే ఆధారమైనచో ఆత్మాశ్రయము. రెండు విషయములు ఒండొంటిపై ఆనుకొన్నచో అన్యోన్యాశ్రయము. మూడు గాని అంతకు మించి గాని చుట్టి వచ్చి మొదటిదానిని చేరినచో చక్రకము. ఆధారమునకు ఆధారము వెదకుచు పోగా తుది కానరానిచో అనవస్థ. వీనిలో దేనియందును పడక దర్శనము తన్ను తాను వివరించుకొనగలదా యనునది ప్రశ్న.

ఇది పండితుల వాగ్వినోదము మాత్రమే కాదు. అందరికిని విధించిన నియమము తనకు వర్తింపదను వాడు శాస్త్రమునందే గాక సంఘమునందును అపాయకరుడు.

దీనికి తెలుగు వ్యాకరణము మంచి దృష్టాంతము. నన్నయ కృతిగా ప్రసిద్ధమైన ఆంధ్రశబ్దచింతామణి తెలుగును సంస్కృతములో వర్ణించినది. అచ్చట వర్ణించు భాష వేరు, వర్ణింపబడు భాష వేరు. కావున చిక్కు లేదు. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణమును తెలుగుననే రచించెను. విభక్తులను బోధించు వాక్యము విభక్తులతోనే నడువవలెను. సంధిని విధించు సూత్రము సంధికి లోబడియే యుండవలెను. ఐనను అది దోషము కాలేదు. ఏలయన, ఒక రూపము సాధువనుటకు సూరికి ప్రమాణము తన సూత్రము కాదు, పూర్వకవుల ప్రయోగము. సూత్రము తన్ను తాను పాటించినదే గాని తనకు తాను ప్రమాణము కాలేదు. కనుకనే బహుజనపల్లి సీతారామాచార్యులు అందు చెప్పక మిగిలిన విషయములను చేర్చి త్రిలింగలక్షణశేషమును రచింపగలిగెను.

తత్త్వశాస్త్రమున ఈ చిక్కును సూటిగా ఎదుర్కొన్నవారిలో ఆచార్య నాగార్జునుడు ముఖ్యుడు. వస్తువులన్నియు ఇతరముల నపేక్షించి కలుగును గనుక స్వభావశూన్యములని ఆయన సిద్ధాంతము. అన్నియు శూన్యములైనచో ఆ మాటయు శూన్యమే గనుక అది దేనిని ఖండింపగలదు? ఆ మాట యొక్కటి శూన్యము కాదన్నచో సిద్ధాంతమే భంగమగును గదా? ఇది ప్రతివాది యాక్షేపము. విగ్రహవ్యావర్తనియందు నాగార్జునుడు తన మాటకు మినహాయింపు కోరలేదు. అదియు శూన్యమే యని యంగీకరించెను. రథము, కుండ, వస్త్రము స్వభావశూన్యములయ్యును తమ తమ పనులు చేయుచున్నట్లు తన వాక్యమును పని చేయుననెను. పిమ్మట ప్రతివాదినే ప్రశ్నించెను: ప్రమేయములను ప్రమాణములు సాధించుచో ప్రమాణములను సాధించునదేది? వేరు ప్రమాణములన్నచో అనవస్థ. ప్రమేయములే యన్నచో అన్యోన్యాశ్రయము. అగ్నివలె అవి తమ్మును పరమును గూడ ప్రకాశింపజేయుననుటను ఆయన ఒప్పుకొనలేదు. అగ్ని యున్నచోట చీకటియే లేనప్పుడు అది తన్ను వెలిగించుకొనుట యేమని యడిగెను.

గణితము వేరొక మార్గమున ఇట్టి యెల్లనే చేరినది. అంకగణితమునకు చాలిన నియమబద్ధవ్యవస్థ సంఖ్యల మూలమున తన వాక్యములను గూర్చి తానే చెప్పగలదనియు, అది విరోధరహితమైనచో ఆ సంగతిని తన నియమములతోనే నిరూపింపజాలదనియు 1931లో కుర్ట్ గోడెల్ చూపెను. ఇది గణితవ్యవస్థలకు చెందిన ఫలితము. దర్శనములన్నింటికి దీనిని యథాతథముగా అన్వయింపరాదు. ఐనను ఇందలి వివేకము గ్రహింపదగినది.

తన్ను తాను వర్ణించుకొనుట ఒకటి. తనకు తాను ప్రామాణ్యము నిచ్చుకొనుట మరియొకటి. మొదటిది దోషము కాదు, సమగ్రతకు ఆవశ్యకము. రెండవదియే ఆత్మాశ్రయము. బోధకు బోధకుడును లోబడవలెను. ఆ బోధ సత్యమా కాదా యను తీర్పు మాత్రము అతని చేతిలో నుండరాదు. దానిని ప్రశ్నించువారికిని, ఆచరించి ఫలము నెరిగినవారికిని ఆ యధికారమును విడిచిన దర్శనమే నిలువదగినది.