తల దించుకోనివ్వని దయ

నేటి వాక్యభాగం: రూతు 2:8–18

బేత్లెహేములో యవల కోత సాగుతోంది. భర్తను పోగొట్టుకుని, అత్త నయోమితో కలిసి మోయాబు నుండి వచ్చిన రూతు కోతవాళ్ళ వెనక పరిగె ఏరుకుంటోంది. పొలం అంచులదాకా కోయవద్దనీ, రాలిన పరిగెను బీదలకూ పరదేశులకూ వదిలేయమనీ లేవీయకాండము 19వ అధ్యాయంలో దేవుడు ముందే ఆజ్ఞాపించాడు. కాబట్టి రూతును ఏరుకోనిస్తే చాలు, ఆ పొలం యజమాని బోయజు ధర్మశాస్త్రాన్ని పాటించినట్టే.

బోయజు అక్కడితో ఆగలేదు. దాహమేస్తే పనివాళ్ళు తోడిన నీళ్ళే తాగమన్నాడు. భోజనం వేళ ఆమెను పిలిచి, కోతవాళ్ళ పక్కన కూర్చున్న ఆమెకు పేలాలు అందించాడు. ఆమె కడుపునిండా తిని కొంత మిగుల్చుకుంది కూడా. ఆమె మళ్ళీ ఏరుకోవడానికి లేచినప్పుడు తన పనివాళ్ళకు ఒక మాట చెప్పాడు. పనల మధ్య ఏరుకున్నా ఆమెను ఏమీ అనకండి, పనల్లోంచి కొన్ని పిడికెళ్ళు కావాలనే లాగి వదిలేయండి అన్నాడు.

ఒక్క క్షణం ఆలోచించండి. గింజలు కొలిచి మూటగట్టి ఇవ్వడం బోయజుకు ఎంతసేపు పని? కానీ అప్పుడు రూతు అందరి ఎదుట చేయి చాచాల్సి వచ్చేది. ఇప్పుడు ఆమె సాయంకాలం దాకా ఏరి, దుళ్ళగొట్టి, తన కష్టఫలంగా తూమెడు యవలు నయోమి దగ్గరికి మోసుకెళ్ళింది. అందులో తన చెమట ఎంతో, బోయజు దయ ఎంతో ఆమె లెక్కపెట్టుకోనక్కర్లేదు. ఆకలి తీర్చేటప్పుడు ఎదుటివారి గౌరవాన్ని కూడా కాపాడటం దేవునికి ఇష్టమైన దయ.

మన తెలుగు నేల కూడా అలాంటి దయను చూసింది. 1876–78 నాటి ఘోర కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో 3½ మైళ్ళ తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో అలమటిస్తున్న జనానికి పని, కూలి ఇప్పించాడు. తిండి కోసం ఎవరూ మతంలోకి రాకూడదని, ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం పొందినవారి మనసును ఆయన కొనాలనుకోలేదు.

మరి మన ఇళ్ళలో, మన సంఘాల్లో? పనిమనిషికి అన్నం పెట్టాలనుకుంటే మిగిలిపోయేదాకా ఆగకండి, వంట కాగానే ముందే తీసి ఉంచండి. ఆమెకు జ్వరమొచ్చి రాలేకపోతే ఆ రోజుల జీతం కోయకండి. బీద విద్యార్థికి ఫీజు కట్టాలనుకుంటే బడిలోనే కట్టేసి రండి, ఎవరు కట్టారో ఆ పిల్లవాడికి తెలియనక్కర్లేదు. క్రిస్మస్‌కు విధవరాండ్రకు చీరలు, దుప్పట్లు ఇచ్చేటప్పుడు వారిని వరుసగా నిలబెట్టి ఫొటోలు తీయకండి. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న ప్రభువు మాట మన ఫోన్లకూ వర్తిస్తుంది. ఇచ్చాక దాన్ని నలుగురిలో ఎత్తిచూపితే, ఇచ్చినదానికంటే తీసుకున్నదే ఎక్కువవుతుంది.

బోయజుకు ఇంత విశాలమైన మనసు ఎలా వచ్చిందో వాక్యం చెప్పలేదు. అయితే మత్తయి 1:5 అతని తల్లి పేరు రాహాబు అంటుంది. ఆమె కూడా యెరికో నుండి వచ్చి దేవుని ప్రజల్లో చోటు పొందిన పరదేశి. మనమూ ఒకప్పుడు దూరస్థులమే. క్రీస్తు మన గతాన్ని ఎత్తిపొడవకుండా తన బల్ల దగ్గర మనల్ని కూర్చోబెట్టాడు. ఆ బల్ల దగ్గర కూర్చున్నవారు మరొకరిని తక్కువచేసి ఇవ్వలేరు. ఈ రోజు మీ చేలో పరిగె ఏరుకునేది ఎవరో చూడండి. వారు అడగకముందే కొన్ని పిడికెళ్ళు వదలండి.

ప్రార్థన: పరలోకపు తండ్రీ, మేము అర్హులం కాకపోయినా మమ్మల్ని చేర్చుకుని ఘనపరిచావు. మా చేతులకు ఉదారతను, మా మాటలకు మృదుత్వాన్ని దయచేయుము. మా వల్ల మేలు పొందేవారు మా ఎదుట తల దించుకోకుండునట్లు ఇవ్వడం మాకు నేర్పుము. పొగడ్త కోరుకునే మనసును మాలోనుండి తీసివేయుము. యేసు నామమున వేడుకొంటున్నాము తండ్రీ, ఆమేన్.