పారణ తరువాతి ధర్మము



పర్యూషణ పర్వము వచ్చినదన్న మన ఇండ్లలో తపస్సునకు కొదువ లేదు. చెన్నపురిలోనైనను, బళ్లారిలోనైనను, బరంపురములోనైనను, షోలాపురములోనైనను మన కుటుంబమున్నచోట ఒకరు తేలా, ఒకరు అఠాయి పూర్తి చేయుచునే యుందురు. పారణ నాడు బంధువులందరు వచ్చెదరు. తపస్వికి తమ చేతితో త్రాగించి, శాలువ కప్పి, శాత అడిగి వెళ్ళెదరు. పదునొకండవ నాడు ఆ తపస్వి ఏమి తినుచున్నాడో, ఎంత నడచుచున్నాడో అడుగువారు అరుదు. నేడు నేను ఆ పదునొకండవ నాటిని గురించియే మనవి చేయదలచితిని.

నా తప్పుతో ప్రారంభించెదను. కొన్ని ఏండ్ల క్రిందట నేను అఠాయి చేసితిని. ఎనిమిది దినములు సుఖముగా గడచినవి. పారణ చేసి రెండు గుక్కలు పాలు, కొంచెము పెసరకట్టు పుచ్చుకొంటిని. మూడవ నాడే, ఒళ్ళు బరువెక్కునని భయపడి, వేకువనే లేచి రెండు మైళ్లు నడచితిని. అటుపిమ్మట దుకాణము తెరచితిని. మధ్యాహ్నము తిన్నది పిడికెడు. సాయంకాలము దేరాసరపు మెట్లపై కన్నులు చీకట్లు క్రమ్మి కూలబడితిని. అప్పుడు చాతుర్మాసమునకై అక్కడ వేంచేసియున్న మహారాజుగారు నన్ను చూచి, "శ్రావకా, పారణ ఎన్నిసారులు చేసితివి?" అని అడిగిరి. "ఒక్కసారియే గదా స్వామీ, మొన్న ఉదయము" అంటిని. వారు నవ్వి, "ఎనిమిది నాళ్ల ఉపవాసమునకు ఒక్క పూట పారణయా? దేహము లెక్క నీ దుకాణపు లెక్క కన్న కఠినమైనది సుమా" అనిరి. ఆ మాట నేటికిని నన్ను విడువలేదు.

సాధువు ఏల భుజింపవలెనో ఉత్తరాధ్యయన సూత్రము ఆరు కారణములు చెప్పుచున్నది. ఆకలి వేదన తీర్చుకొనుటకు, వైయావృత్యమునకు, ఈర్యా సమితిని పాటించుటకు, సంయమమునకు, ప్రాణధారణకు, ధర్మచింతనకు. ఇందు మూడవదానిని గమనింపుడు. ఈర్యా సమితి అనగా ఎదుటి నేలను చూచుకొనుచు, చీమకైనను బాధ కలుగకుండ అడుగు వేయుట. కడుపు మాడినవానికి కన్ను తిరుగును, కాలు తడబడును. అట్టివాడు నేలపైనున్న జీవమును ఎట్లు కాపాడగలడు? కావున నడకకు ముందు ఆహారము కావలెనని శాస్త్రమే చెప్పుచున్నది. ఆహారము విడుచుటకు గూడ అదే గ్రంథము ఆరు కారణములు చెప్పినది. వానిలో అందము కొరకు చిక్కిపోవుట అనునది లేదు.

తపస్సునకు కొలత శక్తియే. తత్త్వార్థ సూత్రమున తీర్థంకర నామకర్మకు కారణములైన పదునారు భావనలను చెప్పుచు, త్యాగమును తపస్సును శక్తి కొలదిని చేయవలెనని ఉమాస్వాతి ఆచార్యులు చేర్చిరి. 17వ శతాబ్దమునకు చెందిన ఉపాధ్యాయ యశోవిజయులు జ్ఞానసారమందు మరింత విప్పి చెప్పిరి: ఏ తపస్సువలన దుర్ధ్యానము పుట్టదో, మనోవాక్కాయ యోగములు క్షీణింపవో, ఇంద్రియములు చెడవో, అదియే చేయదగిన తపస్సని వారి ఆశయము.

ఆకలికిని దుర్ధ్యానమునకును గల సంబంధమును ఆధునిక శాస్త్రము గూడ చూచినది. 1944 నవంబరులో అమెరికాయందలి మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ అను శాస్త్రవేత్త ఒక పరిశోధన ప్రారంభించెను. యుద్ధములో ఆయుధము పట్టుటకు అంతరాత్మ ఒప్పక నిరాకరించిన 36గురు యువకులు, ఆకలిబారిన ప్రజలకు మేలు కలుగునని తమ దేహములను దానికి అప్పగించిరి. అహింసను నమ్మిన మనకు వారు పరాయివారు కారు. 24 వారములు వారికి దినమునకు సుమారు 1570 కేలరీల ఆహారమే ఇచ్చి, వారమునకు 22 మైళ్లు నడిపించిరి. వారి బరువులో సుమారు నాల్గవ వంతు తరిగెను. నాడి మందగించెను. ఎండలోను చలి వేసెను. శాంతస్వభావులు చిడిముడిపడిరి. పగలు రేయి తిండి తలపే. కొందరు వంట పుస్తకములు పోగుచేసికొనిరి. ఇంతకన్న దుర్ధ్యానమేమి కలదు?

తిరిగి అన్నము పెట్టునప్పుడే అసలు పాఠము తెలిసినది. కొద్దిగా మాత్రమే పెంచిన ఆహారముతో వారు తేరుకొనలేదు. చిక్కిన ఆ యువకులు పూర్తిగా కోలుకొనుటకు కొన్ని నెలలపాటు దినమునకు సుమారు 4000 కేలరీలు కావలసియుండునని కీస్ తేల్చెను. ఈ లెక్క అందరికి ఒక్కటే కాదు. కాని కారణము వర్తకులమైన మనకు సులభముగ తెలియును. ఆదాయము లేనప్పుడు ఇల్లు మూలధనమును తినును. దేహమును అంతే, క్రొవ్వును, కండను, తుదకు గుండె కండను గూడ తినును. మరల తినుట మొదలిడినపుడు మామూలు భోజనము ఆ నాటి ఖర్చునకే చాలును. పాత బాకీ అట్లే నిలిచియుండును. దానిపై నడకయు పరుగును చేర్చినచో, బాకీ తీరకముందే క్రొత్త అప్పు చేసినట్లు.

అట్లని పారణ నాడే కడుపునిండ కుక్కరాదు. అయిదు దినములకు మించి ఆహారము లేనివారు మొదట సగము కొలతకు మించక ప్రారంభింపవలెనని వైద్యులందురు. పది దినములు దాటినవారికి అపాయము మరింత ఎక్కువ. ఉన్నట్టుండి అన్నము, పంచదార లోపలికి పోగానే ఇన్సులిన్ ఊరి, రక్తమందలి ఫాస్ఫేటు, పొటాషియము, మెగ్నీషియము కణములలోనికి లాగబడును. రక్తములో అవి పడిపోయినచో గుండె లయ తప్పవచ్చును, ఊపిరి ఆడకపోవచ్చును. శ్రేయాంసుడు హస్తినాపురమున ఋషభదేవునకు చెరకురసము సమర్పించెనని అక్షయ తృతీయ నాడు మనమును త్రాగుదుము. వర్షీతపము చేసినవారు దినము విడిచి దినము భుజించియేయుందురు. మాసక్షమణము చేసినవారు అట్లు గ్లాసులకొలది త్రాగరాదు. వారి పారణ వైద్యుని ఎదుట, రక్తపరీక్షతో జరుగవలెను. కాళ్లవాపు, ఆయాసము, గుండెదడ, మతి తడబాటు కనిపించినచో తడయక ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

ఆ మొదటి దినములు దాటిన పిదప ముద్ద క్రమముగా పెరుగవలెను. రాత్రిభోజనము మానినవారికి నవకారశీ మొదలు, అనగా సూర్యోదయానంతరము 48 నిమిషములు మొదలు, సూర్యాస్తమయము వరకే వేళ. కాబట్టి ఒకటి రెండు పూటలు చాలవు. అయిదారు సారులు కొంచెము కొంచెముగ తినవలెను. పెసరపప్పు, పాలు, పెరుగు, నేయి, నువ్వులు, అరటిపండు, మెత్తని అన్నము మన నియమములకు లోబడినవే. ఆకలి అయినప్పుడు తిందమనుకొనరాదు. చాలకాలము మాడిన కడుపు ఆకలిని సరిగా చెప్పదు. గడియారమును చూచి తినవలెను. ఈ కాలమున ఏకాసన, ఆయంబిల్ పట్టుట తగదు. ఆయంబిలమున విడుచు పాలు, పెరుగు, నేయి ఇప్పుడు దేహమునకు కావలసినవి. ముందే పచ్చక్ఖాణము తీసికొంటిమని భయపడువారు గురువు నడుగుడు. తీవ్రమైన రోగమందు సమాధి నిలుపుకొనుటకై పచ్చక్ఖాణములోనే ఆగారము ఉంచబడినది. పూర్వాచార్యులు మనకంటె దయాళువులు.

ఇక నడక. బొత్తిగా మంచము పట్టుట గూడ మంచిది కాదు. కదలని కండ కరగిపోవును. తిన్నది కండగా మారుటకు కొంత కదలిక కావలెను. మొదట ఇంటిలో నాలుగడుగులు, పిదప వాకిలి వరకు, పిదప వీథి చివరి వరకు. బరువు, నాడి, నిద్ర కుదుటపడి, వైద్యుడు సరేయన్న పిమ్మటనే వ్యాయామము. ఏ దినము ఎక్కువ నడచిన ఆ దినము ఎక్కువ తినవలెను. తల తిరిగినను, గుండె దడదడలాడినను, బరువు తగ్గినను తగ్గింపవలసినది అడుగును, ముద్దను కాదు. తినుటకు అర్హత సంపాదించుటకై నడచుట, తిన్నందుకు శిక్షగా నడచుట రెండును రోగపు గుర్తులే.

ఇచ్చట తలిదండ్రులతో ఒక మాట. ఒక ఇంటిలో అమ్మాయి నేడు ఏకాసన, రేపు ఉపవాసము అనుచుండును. పెద్దలు మురిసిపోదురు. ఆ పిల్ల ఉదయము తూకపు యంత్రమెక్కును. రాత్రి తలుపు మూసికొని వ్యాయామము చేయును. నెలసరి ఆగిపోయినదని తల్లికి చెప్పదు. నెలసరి ఆగుట దేహము దివాళా తీయుచున్నదనుటకు గుర్తు. ఎముకలు గూడ బలహీనమగును. శాస్త్రము మాయ, నిదానము, మిథ్యాత్వము అని మూడు శల్యములను చెప్పినది. లోకఫలమును కోరి చేసిన తపస్సులో నిదాన శల్యము, భయమును వ్రతముగ చూపుటలో మాయా శల్యము గ్రుచ్చుకొనియుండును. అయినను ఆ బిడ్డను నిందింపకుడు. అది పాపమని బెదరింపవలసినది కాదు, చికిత్స చేయింపవలసిన రోగము. వైద్యుని, మనోవైద్యుని చూపుడు. "చక్కగా చిక్కితివే" అను మెప్పును ఇంటిలో మానుడు. ఆమె ప్రక్కన కూర్చుండి మీరును భుజింపుడు. ఆమెకు నడక కావలెనన్నచో చేయి పట్టుకొని మెల్లగ తోడు నడువుడు. ఇది వైయావృత్యము, ఆరు అంతరంగ తపస్సులలో ఒకటి. మీరు చేయు అఠాయి కన్న ఇది తక్కువది కాదు.

ధర్మబంధువులారా! రాబోవు పర్యూషణమున సభలో తపస్వుల పేర్లు చదివినపుడు ఆ పట్టిక ఇంటికి తీసికొనిపొండు. పారణ నాటి సందడి అణగిన పది దినములకు వారి ఇంటికి పోయి, "ఏమి తింటివి? ఎంత నడచితివి? నిద్ర పట్టుచున్నదా?" అని శాత అడుగుడు. ఆనాడు మెట్లపై కూలబడిన నన్ను అట్లు అడిగినవారు ఒక్క మహారాజుగారే. మీలో ఎవరిని గాని అట్టి దినమున నేను అడుగక విడిచియుంటినేని, మిచ్ఛామి దుక్కడం.

జై జినేంద్ర.