జీడి పిక్క కొట్టే చేతులు

జీడి పిక్క కొట్టడం చూడాలంటే మా పలాస, కాశీబుగ్గ రావాలి. కాల్చిన పిక్కను వేళ్ళ మధ్య నిలబెట్టి ఎంత దెబ్బ వెయ్యాలో అంతే వేస్తారు మా ఆడవాళ్ళు. పిసరంత ఎక్కువైతే లోపలి పప్పు బద్దలవుతుంది. తక్కువైతే పెంకు నోరు తెరవదు. తేనెపట్టు గదుల్లాంటి ఆ పెంకు అరల్లో చర్మాన్ని కాల్చే నూనె ఉంటుంది. రంగుల్లోకీ, వార్నిష్‌లోకీ, బండ్ల బ్రేకుల తయారీలోకీ వెళ్ళే నూనె అది. దాన్ని బూడిద అద్దిన వేళ్ళతో దాటుకుని, పాలరంగు పప్పును గీత పడకుండా బయటికి తీసే చేతులకు ఏ బళ్ళో పాఠం చెప్పారో నాకు తెలియదు. బళ్ళో పాఠాలు చెప్పే బతికిన వాణ్ణి, అయినా తెలియదు.

తీసిన పప్పుకు పొర వలవాలి, సైజులు ఏరాలి. డబ్ల్యూ-240 రకమంటే పౌనుకు 220 నుంచి 240 పప్పులు. మా అమ్మకు పౌనంటే ఏమిటో తెలియదు. చేటలో పోసి ఒక్క చూపు చూసి ఏ రకమో చెప్పేసేది. ఆ కూలి డబ్బులే నన్ను టీచర్ ట్రైనింగ్‌కు పంపాయి. ఇప్పుడు ఒకటో తారీఖున ఫోనులో పెన్షన్ మెసేజ్ టింగుమంటే, ఆ సొమ్ములో అమ్మ కొట్టిన పిక్కల చప్పుడు వినిపిస్తుంది.

ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఎన్నికలొస్తే పోలింగ్ డ్యూటీ తప్పేది కాదు. చాలాసార్లు సిరా సీసా నా చేతికే వచ్చేది. మైసూరులో తయారై 1962 నుంచి దేశం మొత్తాన్నీ వేలు పట్టుకుని పలకరిస్తున్న సిరా. మా ఊరి ఆడవాళ్ళ వేళ్ళ దగ్గర మాత్రం దాని పప్పులు ఉడకలేదు. గోరు చుట్టూ, కణుపు గీతల్లో జీడి నలుపు. ఎక్కడ గీశానో నాకే ఆనేది కాదు. ‘అయిపోనాదా బాబూ?’ అని ఒకావిడ వేలు తిప్పి తిప్పి చూసుకుంది. అయిపోయిందమ్మా అన్నాను. ప్రభుత్వాలను నిలబెట్టీ, పడగొట్టీ కూడా ఏ ఆర్భాటం లేకుండా మధ్యాహ్నం పనికి వెళ్ళిపోయే వేలు అది.

మా వైపు రాజకీయం కబుర్లకేం తక్కువ! స్టేషన్ దగ్గర టీ కొట్టులో మేం నలుగురం పెన్షనర్లం చేరితే చరిత్ర అంతా బల్ల మీదికొస్తుంది. మందస జమీందారీ మీద తిరగబడ్డ రైతుల ముందు నిలిచి 1940లో తూటాకు నేలకొరిగిన గున్నమ్మ. అదే ఏడు పలాసలో జరిగిన అఖిల భారత కిసాన్ సభ. 1909లో బారువలో పుట్టి గీత కార్మికుల గొంతై ‘సర్దార్’ అనిపించుకున్న గౌతు లచ్చన్న. 1994లో హిందూపురంతో పాటు టెక్కలిలోనూ గెలిచి, చివరికి హిందూపురాన్నే ఉంచుకున్న ఎన్టీఆర్ మీద మా టెక్కలి మిత్రుడి అలక ఇప్పటికీ తీరలేదు. 2010లో సోంపేట బీల కోసం, 2011లో కాకరాపల్లి తంపర కోసం, ఆ చిత్తడి నేలల కోసం ఊళ్ళకు ఊళ్ళు కదిలిన మాట వస్తే మాత్రం టీ చల్లారిపోతుంది. థర్మల్ కేంద్రాలు వద్దు, మా నీళ్ళూ నేలా చాలన్నందుకు కాల్పుల్లో ప్రాణాలు పోయిన చోట్లవి.

ఈ నేల మీద మనుషులకు మొండితనం చెట్లే నేర్పాయో, చెట్లకే మనుషులు నేర్పారో! 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. తెల్లారేసరికి మా ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి, పనస తోటలు వేళ్ళతో సహా పడి ఉన్నాయి. ఎనభై దాటిన మా పెదనాన్న కొద్ది రోజులకే కొబ్బరి మొక్కలకు గోతులు తవ్వించాడు. దేశవాళీ కొబ్బరి కాపుకొచ్చేసరికి ఆరేడేళ్ళు పడుతుంది. ఎవరి కోసం పెదనాన్నా అన్నాను. ‘ఎవులు తాగితే ఆళ్ళ కోసమే’ అన్నాడు. మొన్న సంక్రాంతికి హైదరాబాదు నుంచి వచ్చిన నా మనవరాలు ఆ చెట్టు బొండాం తాగి, మూతి తుడుచుకుని, ఇంకోటి కావాలంది.

తనను తేలినీలాపురం తీసుకెళ్ళాను. ఊరివాళ్ళు చింతచెట్లను వలస పక్షులకు వదిలేశారు. గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ అక్కడే పిల్లల్ని పెంచుకుని రెక్కలొచ్చాక వెళ్ళిపోతాయి. అక్కణ్ణించి రావివలస. పైకప్పు లేకుండా ఎండా వానా తనే భరించే ఎండల మల్లన్న. ‘తాతా, ఈ దేవుడికి ఇల్లు లేదా?’ అంది పిల్ల. ఆకాశమంతా ఇల్లేనమ్మా అన్నాను.

ఇంత పచ్చని చోట తాగే నీటినే అనుమానించాల్సి రావడం మా కడుపుకోత. ఉద్దానాన్ని పట్టి పీడిస్తున్న కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని శాస్త్రవేత్తలు ఇంకా తేల్చి చెప్పలేదు. హిరమండలం నుంచి వంశధార నీళ్ళను గొట్టాల్లో తెచ్చే రూ.700 కోట్ల పథకం, పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. అందుకే మా ఇంటావిడ రాజకీయాన్ని నీటితో కొలుస్తుంది. ఏ జెండా పట్టుకొచ్చిన అభ్యర్థికైనా ఆవిడ మర్యాద ఒకటే: గుప్పెడు జీడిపప్పు, ఆ రోజు కొళాయిలో ఏవి వస్తే ఆ నీళ్ళు. ఒకాయన వెంట తెచ్చుకున్న సీసా మూత తియ్యబోయాడు. ‘మా నీళ్ళు తాగండి బాబూ, ఓటు సంగతి తరవాత మాటాడుదాం’ అంది. ఆయన గ్లాసు వైపు చూశాడు, మా వైపు చూశాడు, అడుగుదాకా తాగాడు. ఆవిడ గ్లాసు అందుకుని మళ్ళీ నింపింది.